పెరటి మందు, పాము మందు



ఈ రోజు మాట రెండు సంగతుల మీద. ఒకటి పెరట్లో ఉండే చెట్టు. రెండోది పొలంలో తిరిగే పాము. ఈ రెండింటికీ సంబంధం ఏమిటి అనుకుంటున్నారా? చాలా ఉంది. పాము కరిచిందంటే చాలా ఊళ్లలో ముందు పరుగెత్తేది చెట్టు దగ్గరికే. ఆకు నూరి పోస్తారు. వేరు అరగదీసి తాగిస్తారు. పసరు ముక్కులో పిండుతారు. ఆ ఆకు కోసం వెతికే గంటలోనే ఒక తల్లి ప్రాణం పోవచ్చు.

అలాగని చెట్లలో మందు లేదా? ఉంది. ముందు ఆ మంచి సంగతే చెప్పుకుందాం.

వంకాయ కోసి గిన్నెలో పెట్టండి. కాసేపటికి ముక్కలు నల్లబడతాయి. కొడవలిని తడిలో వదిలేయండి. తుప్పు పడుతుంది. ఈ రెండూ గాలి చేసే పనులే. గాలిలో ఆక్సిజన్ ఉంది. ప్రాణవాయువు అంటాం. అది లేనిదే మనిషి బతకడు. కానీ దాని వల్ల కొంత చెరుపు కూడా ఉంది.

పొయ్యి సంగతి మీకు తెలుసు. కట్టె మండితే అన్నం ఉడుకుతుంది. అదే పొయ్యిలోంచి నిప్పురవ్వలు లేస్తాయి. రవ్వ చీర మీద పడితే చిల్లు పడుతుంది. ఒంట్లోనూ అంతే. తిన్న తిండి ప్రాణవాయువుతో కలిసి మెల్లగా కాలుతుంది. మనకు బలం వస్తుంది. దాంతోపాటు కంటికి కనపడని రవ్వలు కూడా లేస్తాయి. అవి ఒంటిని లోపల కొద్దికొద్దిగా కాలుస్తాయి. ఆ రవ్వలను ఆర్పే పదార్థాలు కొన్ని ఉన్నాయి. వాటిని యాంటీ ఆక్సిడెంట్లు అంటారు. పేరు పొడుగు. నోరు తిరగకపోతే 'రవ్వలు ఆర్పేవి' అనుకోండి, చాలు.

కోసిన ముక్క మీద నిమ్మరసం పిండితే తొందరగా నల్లబడదు. చూసే ఉంటారు. నిమ్మకాయలో ఉన్న సి విటమిన్ రవ్వలు ఆర్పే రకమే. ఇది ఉసిరికాయలో ఇంకా ఎక్కువ. జామకాయలో కూడా ఎక్కువే. బజారులో కొనే నారింజ కంటే పెరట్లో జామకాయలోనే ఎక్కువ ఉంటుంది. మునగాకు, కరివేపాకు, గోంగూర, తులసి, పసుపు - వీటన్నిటిలోనూ రవ్వలు ఆర్పేవి రకరకాలుగా ఉన్నాయి. పసుపుకు ఆ రంగు ఇచ్చే పదార్థం కూడా అలాంటిదే. కూరలో కరివేపాకు ఏరి పక్కన పెట్టే వాళ్లు ఈ మాట వినాలి!

అయితే ఇవి తింటే ఏ రోగమూ రాదని ఎవరైనా అంటే నమ్మకండి. ఇవి రోజూ కొంచెం కొంచెంగా తినే తిండి. ఏళ్ల మీద మేలు చేస్తాయి. పాము విషం అలా కాదు. అది గంటల్లో పని ముగిస్తుంది.

ఇక పాము కాటుకు వాడే చెట్ల మాట. ఈశ్వరి వేరు అంటారు. సర్పగంధి అంటారు. నేలవేము, సుగంధిపాల, అత్తిపత్తి - ఇలా చాలా పేర్లు చెబుతారు. శాస్త్రవేత్తలు వీటిని పక్కన పడేయలేదు. పరీక్ష చేసి చూశారు. కలకత్తాలో కొందరు సుగంధిపాల వేరు నుంచి ఒక పదార్థం తీశారు. రక్తపింజర విషం ఎక్కించిన ఎలుకలకు ఇచ్చి చూశారు. కొంత పని చేసింది. అత్తిపత్తి వేరు మీద కూడా అలాంటి పరీక్షలు జరిగాయి.

"చూశారా! మా తాత చెప్పిందే నిజం" అని ఎవరైనా అనవచ్చు. కాస్త ఆగాలి. ఇలాంటి పరీక్షలు చాలావరకు ఎలా చేస్తారు? విషాన్ని, వేరు సారాన్ని ముందే గాజు గొట్టంలో కలుపుతారు. ఆ తరవాత ఎలుకకు సూది వేస్తారు. అంటే విషం ఒంట్లోకి పోకముందే మందు దాన్ని పట్టుకుంది. పొలంలో అలా జరుగుతుందా? ముందు పాము కరుస్తుంది. విషం ఒళ్లంతా పాకుతుంది. ఆ తరవాత ఎప్పుడో వేరు నూరి తాగిస్తారు. అది కడుపులోకి పోతుంది. అక్కడ అరిగి, రక్తంలో కలిసి, విషం ఉన్న చోటికి చేరాలి. ఎంత చేరుతుంది? ఎప్పటికి చేరుతుంది? గడ్డివాము అంటుకోక ముందు నీళ్లు చల్లటం వేరు. మండిపోతున్న వాము మీద చెంబెడు నీళ్లు పోయటం వేరు. ఇంతవరకు ఏ చెట్టు మందూ పాము కాటు తిన్న మనిషిని బతికిస్తుందని పరీక్షల్లో తేలలేదు.

కొన్ని వేర్లు చెరుపు కూడా చేస్తాయి. ఈశ్వరి వేరు సంగతి అందరూ తెలుసుకోవాలి. ఆ జాతి మొక్కల్లో ఒక విష పదార్థం ఉంది. అది మూత్రపిండాలను పాడు చేస్తుంది. క్యాన్సర్ కూడా తెస్తుంది. బెల్జియం అనే దేశంలో 1990ల మొదట్లో ఒక ఘోరం జరిగింది. అక్కడ కొందరు ఆడవాళ్లు సన్నబడటానికి మందు బిళ్లలు మింగారు. ఆ బిళ్లల్లో ఈశ్వరి జాతి మొక్క కలిసింది. నూరు మందికి పైగా ఆడవాళ్ల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఇప్పుడు ఆలోచించండి. రక్తపింజర విషం కూడా మూత్రపిండాలనే పాడు చేస్తుంది. ఆ కాటు తిన్న మనిషికి ఈశ్వరి వేరు తాగిస్తే ఏమవుతుంది? పుండు మీద కారం చల్లినట్టే.

సర్పగంధి మంచి మందే. కానీ రక్తపోటుకు. అంటే బి.పి.కి. దాని వేరు నుంచి తీసిన మందు 1950లలో దేశదేశాల్లో వాడారు. అది రక్తపోటును తగ్గిస్తుంది. పింజర కాటు తిన్న మనిషికి రక్తపోటు ముందే పడిపోతుంది. ఇంకా తగ్గిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

మరి మంత్రం వేసే తాత దగ్గర అంతమంది ఎలా బతికారు? ఈ ప్రశ్న ప్రతి ఊళ్లోనూ వస్తుంది. రావాలి కూడా. దీనికి జవాబు పాముల్లోనే ఉంది. మనకు కనపడే పాముల్లో ఎక్కువ వాటికి విషం లేదు. జెర్రిపోతుకు లేదు. నీరుకట్టుకు లేదు. అవి కరిస్తే ఏ మందు పోసినా బతుకుతారు. పోయకపోయినా బతుకుతారు. ఇంకో సంగతి. విషం ఉన్న పాము కరిచినా ప్రతిసారీ విషం దిగదు. కొన్నిసార్లు ఉత్త కోర గాటే పడుతుంది. అప్పుడూ మనిషి బతుకుతాడు. పేరు మంత్రానికి పోతుంది. విషం నిజంగా దిగినప్పుడు మనిషి పోతే, "ఆయుష్షు తీరింది" అంటారు. గెలిస్తే తాత గొప్ప. ఓడితే తలరాత. ఇదేం లెక్క?

ఆ తాత చెడ్డవాడని కాదు. చాలామంది డబ్బు కూడా తీసుకోరు. ఊరికి మేలు చేయాలనే చేస్తారు. ఆయనకే ఈ సంగతులు చెప్పి, "ఎవరు వచ్చినా ముందు ఆసుపత్రికి పంపు తాతా" అని అడగవచ్చు. ఆయన మాట ఊరు వింటుంది. అది మనకు కావలసిందే.

లెక్కలు చూడండి. 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్లలో మన దేశంలో పాము కాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద సర్వే తేల్చింది. ఏడాదికి సుమారు 58 వేల మంది. అందులో సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. అంటే వానలు పడి, పొలం పనులు జోరుగా సాగే రోజుల్లో. ఎక్కువ చావులు ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. చనిపోయేది ఎవరు? నాట్లు వేసేవాళ్లు. కలుపు తీసేవాళ్లు. నేల మీద పడుకునేవాళ్లు.

మన దేశంలో ఎక్కువమందిని చంపేవి నాలుగు పాములు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. నాగుపాము పడగ విప్పుతుంది. అందరికీ తెలుసు. రక్తపింజర లావుగా ఉంటుంది. ఒంటి మీద గొలుసు లాంటి మచ్చలు ఉంటాయి. ప్రెషర్ కుక్కర్ ఈల వేసినట్టు బుస కొడుతుంది. చిన్న పింజర జానెడు, మూరెడు ఉంటుంది. పొలుసులు రాసుకుంటూ రంపం కోసిన చప్పుడు చేస్తుంది. చిన్నదే కదా అని చేత్తో తోసేయకండి. పింజరలు కరిస్తే మంట, వాపు. తరవాత రక్తం గడ్డకట్టదు. చిగుళ్ల నుంచి, మూత్రంలో రక్తం వస్తుంది.

కట్లపాము తీరే వేరు. నల్లని ఒళ్లు. దాని మీద సన్నని తెల్ల గీతలు. గాజులు తొడిగినట్టు కట్లు కట్లుగా ఉంటాయి. పగలు దాక్కుంటుంది. రాత్రి తిరుగుతుంది. ఎలుకల కోసమో, ఇతర పాముల కోసమో ఇంట్లోకి వస్తుంది. చాప మీద పడుకున్న మనిషి నిద్రలో చెయ్యి కదిపితే కరుస్తుంది. నొప్పి ఉండదు. వాపు ఉండదు. గాటు కూడా సరిగా కనపడదు. చీమ కుట్టిందనుకుని అటు తిరిగి పడుకుంటారు.

తెల్లవారుజామున పిల్ల లేచి "అమ్మా, కడుపు నొప్పి" అంటుంది. తల్లి వాము నీళ్లు ఇస్తుంది. పిల్ల వాంతి చేసుకుంటుంది. నాయనమ్మ "దిష్టి తగిలింది, ఉప్పు తిప్పెయ్యి" అంటుంది. కాసేపటికి పిల్ల కళ్లు తెరవలేకపోతుంది. రెప్పలు వాలిపోతాయి. నిద్ర వస్తోందేమో అనుకుంటారు. మాట ముద్దగా వస్తుంది. గుటక పడదు. మెడ నిలవదు. ఆ తరవాత ఊపిరి కండరాలే ఆగిపోతాయి. పాము కరిచిందన్న అనుమానమే ఎవరికీ రాదు. వానాకాలం, నేల మీద పడుకున్న మనిషి, పొద్దున్నే కడుపు నొప్పి, రెప్పలు వాలటం. ఈ నాలుగూ కలిశాయంటే గాటు కోసం వెతుకుతూ కూర్చోకండి. ఆసుపత్రికి తీసుకుపోండి. "నేల మీద పడుకుంది, కట్లపాము అనుమానం" అని డాక్టరుకు నోరు తెరిచి చెప్పండి.

ఇక కాటు పడితే ఏం చేయాలి? పాము దగ్గర నుంచి పక్కకు జరగాలి. దాన్ని చంపటానికి వెంట పడకండి. రెండో మనిషిని కూడా కరుస్తుంది. కరిచిన మనిషిని నడిపించకండి, పరుగెత్తనివ్వకండి. నడిస్తే కండరాలు కదిలి విషం తొందరగా పాకుతుంది. కాలికి ఎముక విరిగితే ఎలా కడతాం? బద్ద పెట్టి, గుడ్డతో వదులుగా. అలాగే కట్టండి. గొడుగు కర్ర అయినా చాలు. ధైర్యం చెప్పండి. ఎన్ని గంటలకు కరిచిందో గుర్తు పెట్టుకోండి. చదువు వచ్చింది కదా, కాగితం మీద రాసి పెట్టండి.

ఒంటి మీద నగలు వెంటనే తీసేయాలి. గాజులు, ఉంగరం, పట్టీలు, మెట్టెలు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. "మెట్టెలు తీస్తే అశుభం" అంటారు. కాలు వాచాక మెట్టె వేలిని కోసేస్తుంది. రక్తం ఆడక వేలు నల్లబడుతుంది. అప్పుడు మెట్టెతోపాటు వేలూ తీయాల్సి వస్తుంది. తీసి కొంగున ముడి వేసుకుంటే మళ్లీ పెట్టుకోవచ్చు. ఏ అశుభమూ కాదు.

తాడుతో బిగించి కట్టటం పాత అలవాటు. అది మానాలి. బిగించిన చోట కింద కండ కుళ్లిపోతుంది. బ్లేడుతో కోయవద్దు. పింజర కాటు అయితే ఆ కోత నుంచి రక్తం ఆగదు. నోటితో పీల్చవద్దు. కోడిని అంటించటం, నల్లరాయి పెట్టటం దండగ. వేపాకు తినిపించి "చేదుగా ఉందా?" అని అడుగుతారు. మిరపకాయ కొరికిస్తారు. దాంతో విషం ఎక్కిందో లేదో తెలియదు. పైగా గుటక పడని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పసరు అయినా, పాలు అయినా, కాఫీ అయినా అంతే. నోట్లో ఏమీ పోయవద్దు.

108కి ఫోన్ చేయండి. ఈ బండి మన దగ్గర 2005లో మొదలైంది. డబ్బు అడగదు. బండి ఆలస్యమైతే ఆటో చూడండి. మోటారు సైకిలే ఉంటే ముందు ఒకరు, వెనక ఒకరు, మధ్యలో ఆ మనిషి.

ఆసుపత్రిలో ఇచ్చే మందు ఏమిటి? అది కూడా పాము విషం నుంచే వస్తుంది. తమిళనాడులో చెన్నై దగ్గర ఇరుల అనే గిరిజనులు ఉన్నారు. పాములు పట్టటంలో వాళ్లను మించినవాళ్లు లేరు. 1978లో వాళ్లు ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. నాలుగు రకాల పాముల్ని పట్టి, విషం తీసి, మళ్లీ వదిలేస్తారు. ఆ సముదాయం నుంచి వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ విషాన్ని మందులు చేసే చోట గుర్రానికి కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. గుర్రం చావదు. దాని రక్తంలో విషాన్ని పట్టి కట్టేసే పదార్థం తయారవుతుంది. అది వేరు చేసి శుద్ధి చేస్తే మందు. నాలుగు పాములకూ ఒకటే మందు. అందుకే పామును చంపి మోసుకుపోవాల్సిన పని లేదు.

డాక్టరు ఒక పరీక్ష చేస్తారు. కాస్త రక్తం తీసి గాజు గొట్టంలో పోస్తారు. కదపకుండా 20 నిమిషాలు ఉంచుతారు. తరవాత వంచి చూస్తారు. పెరుగు లాగా గడ్డకడితే మంచిది. పాల లాగా జారితే పింజర విషం ఎక్కినట్టు. అప్పుడు మందు ఎక్కిస్తారు. మొదటే 8 నుంచి 10 సీసాలు పడుతుంది. పిల్లలకు కూడా అంతే. "చిన్న పిల్లకు ఇంత మందా!" అని భయపడకండి. పాము పిల్లను చూసి విషం తగ్గించదు కదా. గర్భిణికి కూడా ఇస్తారు. కొందరికి మందు పడక దద్దుర్లు, వణుకు వస్తాయి. దానికి విరుగుడు డాక్టరు దగ్గర ఉంటుంది. అందుకే ఈ మందు ఇంట్లో వేయించుకునేది కాదు.

విషం చేసిన పాడు అంతా ఈ మందు వెనక్కి తీయలేదు. ఆలస్యమైతే ఊపిరి మిషను మీద పెట్టాలి. మూత్రపిండాలకు రక్తం కడిగే మిషను కావాలి. ఒక్క గంట ముందు వస్తే ఇవి తప్పవచ్చు.

కాటు పడకుండానే చూసుకుంటే ఇంకా మేలు. మంచం మీద పడుకోండి. మంచం లేకపోతే దోమతెర కట్టి, అంచులు చాప కిందికి దోపండి. దోమతెర దోమనే కాదు, కట్లపామునూ ఆపుతుంది. రాత్రి బయటికి పోతే టార్చిలైటు పట్టుకోండి. కర్రతో నేల తట్టుకుంటూ నడవండి. పాము నేల అదురు పసిగట్టి తప్పుకుంటుంది. పిడకల గూట్లో, కట్టెల మోపులో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపండి. ధాన్యం పడుకునే చోట పోయవద్దు. ధాన్యం కోసం ఎలుక వస్తుంది, ఎలుక కోసం పాము వస్తుంది. ఇంటి చుట్టూ వెల్లుల్లి నీళ్లు చల్లటం వల్ల లాభం లేదు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసేవాళ్లు పోసుకోండి, పుట్టలో చెయ్యి మాత్రం పెట్టకండి.

ఇంకో పని ఉంది. అది ఇప్పుడే చేయాలి. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పదిమంది కలిసి వెళ్లండి. "పాము విషం మందు ఉందా? ఎన్ని సీసాలు ఉన్నాయి? రాత్రి పూట ఎవరు ఉంటారు?" అని అడగండి. సర్కారు ఆసుపత్రిలో ఈ మందుకు డబ్బు లేదు. లేదంటే ఎక్కడ దొరుకుతుందో రాయించుకోండి. గ్రామసభలో లేవనెత్తండి. దేశంలో పాము కాటు చావులు 2030 నాటికి సగానికి తగ్గిస్తామని కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో ఒక పథకం ప్రకటించింది. అడిగే హక్కు మనకు ఉంది.

కాటు నయమై ఇంటికి వచ్చిన మనిషిని రెండు వారాలు కనిపెట్టి ఉండండి. జ్వరం, కీళ్ల నొప్పులు వచ్చినా, మూత్రం తగ్గినా మళ్లీ ఆసుపత్రికి తీసుకుపోండి. పథ్యం పేరుతో కడుపు మాడ్చకండి. డాక్టరు ఏ తిండీ వద్దనకపోతే మునగాకు పప్పు, ఉసిరికాయ పచ్చడి, జామకాయ, అన్నీ పెట్టవచ్చు. పెరటి చెట్టు అప్పుడు పనికొస్తుంది.